మోకు మీద మోకాలు

నేల మీద అంటించిన తెల్ల పట్టీ దాకా ఒంటికాలి మీద గెంతాలి. ముందు కుడికాలితో, తర్వాత ఎడమకాలితో. ఉన్సోల్ కుడికాలితో సునాయాసంగా గెంతింది. తర్వాత ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టి, ఆపరేషన్ అయిన ఎడమకాలి మీద బరువు వేసి గెంతింది. దిగినప్పుడు మోకాలు లోపలికి వాలలేదు, వణకలేదు. బొటనవేలు పట్టీ అంచు తాకింది.

ఫిజియో డోరిమ్ కొలత టేపు చుట్టి జేబులో వేసుకుంది. "అయిపోయింది," అంది.

"ఏం అయిపోయింది మేడమ్?"

"నా పని. తొడ కండ రెండు కాళ్ళకీ సమానంగా వచ్చింది. వాపు లేదు. మోకాలు పూర్తిగా చాపగలుగుతున్నారు, పూర్తిగా ముడవగలుగుతున్నారు. కొత్త లిగమెంటు గట్టిగా పట్టుకుందని పొద్దున డాక్టరుగారే అన్నారు. ఇంత బాగా కోలుకున్న మనిషిని ఈమధ్య నేను చూళ్ళేదు."

పక్క బల్ల మీద మోకాలికి ఐసు కట్టుకుని పడుకున్న బ్యాంకు ఉద్యోగి ఒకాయన, స్కీయింగ్‌కి వెళ్ళి కాలు మీదకి తెచ్చుకున్నాయన, పడుకునే చప్పట్లు కొట్టాడు. ఉన్సోల్ ఆయన వైపు చూసి నవ్వింది. నవ్వుతూనే ఉంది గాని, మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేకపోయినట్టు అనిపించింది.

"కానీ నొప్పిగా ఉంది మేడమ్," అంది మెల్లగా.

"ఎక్కడ?"

ఉన్సోల్ మోకాలి చిప్ప కింద వేలు పెట్టి చూపించింది.

డోరిమ్ ఆ వేలినీ, ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. "పోయిన నెల లోపలి పక్కన అన్నారు. అంతకుముందు వెనక వైపు అన్నారు."

"నొప్పి తిరుగుతోంది."

"పోస్టుమాన్ తిరుగుతాడు. లిగమెంటు నొప్పి తిరగదు." డోరిమ్ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. గొంతు తగ్గించింది. "మీరు మోకు మీద నడుస్తారని వినడమే గాని, నేనెప్పుడూ చూళ్ళేదు. డానో పండక్కి మీ మేళం ఆట ఉందటగా. మీరు ఎక్కుతున్నారా?"

"ఇంకా ఏం చెప్పలేదు."

"ఎవరు చెప్పాలి?"

"కాలు."

"కాలు ఇప్పుడే చెప్పింది కదండీ," అంది డోరిమ్.

ఆసుపత్రి ఉన్న సువాన్ నుంచి తన ఊరు ఆన్‌సొంగ్ వెళ్ళే బస్సులో ఉన్సోల్ కిటికీ పక్కన కూర్చుంది. ఎవరైనా శుభవార్త విని ఇంత దిగులుపడతారా అని తన మీద తనకే విసుగొచ్చింది.

అది కాలికి సంబంధించిన దిగులు కాదని ఆమెకి తెలుసు. కాలు అడిగినవన్నీ ఆమె చేసింది. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో మోకాలు ముడవడం కన్నా చాపడం కష్టమైపోయింది. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలి పైన అరచేయి ఆనించి డోరిమ్ నొక్కుతుంటే, పళ్ళ మధ్య తువ్వాలు కొస కరుచుకుని కళ్ళలోంచి నీళ్ళు కార్చింది. "ఇప్పుడు చాపకపోతే జన్మంతా కుంటాలి," అనేది డోరిమ్, కరుణ లేకుండా. తొడ కండ మీద ఆజ్ఞ పోయి, బిగించు అంటే బిగించని రోజులు గడిచాయి. చంకకర్రలు గడిచాయి. గోడకి వీపు ఆనించి లేని కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, తొడలు మంటలెత్తేదాకా ఉండేది. ఒక్క పూట ఎగ్గొట్టలేదు. మేళంలో హాస్యగాడు చున్‌బోక్ బాబాయ్ క్యానులో ఎద్దు మోకాలి సూపు తెచ్చి, "తాగు, ఆ ఎద్దు జన్మలో కుంటలేదట, వాకబు చేసి మరీ కొన్నా," అంటే ఆ జిగట సూపు కూడా గిన్నె నాకేసింది. సూపు కడుపులోకి పోతుంది గాని మోకాల్లోకి పోదని డోరిమ్ నవ్వింది. తాగడం మాత్రం మానద్దంది.

వచ్చిన చిక్కల్లా మోకు ఎత్తులో ఉంది.

మేళం సాధన చేసే రేకుల షెడ్డు ఊరి చివర ద్రాక్షతోటల పక్కన ఉంటుంది. చలికాలం పోయాక, డోరిమ్ సరే అన్నాక, షెడ్డులో చీలమండ ఎత్తున కట్టిన మోకు మీద ఉన్సోల్ మళ్ళీ నడక మొదలుపెట్టింది. నడిచింది. వెనక్కి నడిచింది. మోకు మీద ధబీమని కూర్చుని, ఆ ఊపుతోనే ఎగిరి మళ్ళీ నిలబడింది. నడుం ఎత్తు మోకు మీదా అవన్నీ చేసింది. మేళానికి పెద్దా గురువూ అయిన ఓక్ మాల్సూన్ చూసి తల పంకించింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బయట ఆవరణలో, కత్తెరలా ఒకదాని మీదొకటి అడ్డంగా కట్టిన గుంజల మీద రెండు నిలువుల ఎత్తున బిగించిన అసలు మోకు ఎక్కింది. గుంజల మీద నిలబడి కిందకి చూసింది. కింద గడ్డి చాపలు పరిచి ఉన్నాయి. అంతే, కాళ్ళు కదల్లేదు. చేతిలో విసనకర్ర తడిసిపోయింది. "నొప్పిగా ఉంది," అని దిగిపోయింది. ఆ రోజు నోటికొచ్చిన ఆ మాట మళ్ళీ వదల్లేదు.

పడింది నిరుడు ఆకురాలు కాలపు జాతరలో. మోకు మీద ఎగిరి, గాలిలో వెనక్కి తిరిగి దిగే గిరికీ ఒకటుంది. పదేళ్ళుగా చేస్తున్నదే. ఆ రోజు దిగినప్పుడు ఎడమ పాదం మోకు పేటల్లో ఇరుక్కుపోయింది, ఒళ్ళు మాత్రం ఇంకా తిరుగుతోంది. మోకాల్లోంచి పచ్చి కొమ్మ విరిచినట్టు శబ్దం వచ్చింది. శబ్దం తర్వాత నేల.

అప్పుడు జనం నవ్వారు.

వాళ్ళ తప్పేం లేదు. మోకాట అంటే ఉత్త నడక కాదు. పైనున్న మనిషి, కిందున్న హాస్యగాడు ఒకరినొకరు ఎకసెక్కాలాడుకుంటూ సాగించే ఆట అది. సరిగ్గా ఆ క్షణానికి ముందే చున్‌బోక్ బాబాయ్, "అమ్మాయికి ఆకలేస్తోంది, చూడండి, ఎలా దిగుతుందో!" అన్నాడు. ఆ మాట మీదే ఆమె పడింది. ఇది కూడా ఆటే అనుకుని మైదానమంతా గొల్లుమంది. బాబాయ్ కూడా రెండు ఊపిర్ల సేపు ఆటే అనుకున్నాడు. "మెట్లు ఎవరెత్తుకుపోయారే?" అని ఇంకో మాట విసిరాడు. గడ్డి చాప మీద మోకాలు పట్టుకుని, నోరు తెరిచినా గొంతు రాక, ఉన్సోల్ ఆ నవ్వంతా వింది. తర్వాత ఆయన ముఖం తన ముఖం మీదకి వంగింది. పూసుకున్న తెల్ల రంగు మీద చెమట చారలు. ఆయన పెదాలు కదులుతున్నాయి గాని, నవ్వు హోరులో మాట వినబడలేదు.

ఉన్సోల్ బస్సు దిగి షెడ్డుకి చేరేసరికి మాల్సూన్ డోలుకి తోలు బిగిస్తోంది. అరవై దాటిన మనిషి. కళ్ళెత్తకుండానే అడిగింది.

"ఏమన్నారు?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఉన్సోల్ మింగేసింది. "కాలు బాగైపోయిందట, గురువుగారూ."

మాల్సూన్ చేతులు ఆగాయి. "మరి ముఖం అలా వేలాడేశావేం? ఎవరో పోయినట్టు."

ఉన్సోల్ కింద పడి ఉన్న డోలు తాడు తీసి ఆమెకి అందించింది.

"చూడమ్మా. సేబ్యొక్ సైన్యంలోకి పోయాడు. వాడి సర్వీసు అయ్యేదాకా మనకి మోకు ఎక్కే మనిషి ఇంకోడు లేడు. అలాగని నిన్నెక్కమని నేననను. డానోకి ఉత్త డోళ్ళాట, ముసుగులాట పెట్టుకుందాం. నువ్వు ఎక్కుతానంటే మోకు కట్టిస్తా. ఎల్లుండిలోగా చెప్పు. గుంజలు తరలించాలి కదా."

"బాబాయ్ ఏమన్నాడు?"

"వాడా?" మాల్సూన్ తోలు మీద వేలితో కొట్టి చూసింది. శబ్దం నచ్చక మళ్ళీ బిగించింది. "వాడిక హాస్యానికి రాడట. వేరే మనిషిని చూసుకోమన్నాడు. చలికాలం నుంచీ అదే పాట. నీకు చెప్పద్దన్నాడు. చెప్పేశా."

చున్‌బోక్ బాబాయ్ తమ్ముడి ద్రాక్షతోటలో పందిరి కింద నిలబడి, లేత గుత్తులకి కాగితం సంచులు తొడుగుతున్నాడు. ఉన్సోల్‌ని చూసి నోట్లో పెట్టుకున్న పురికొస ముక్కలు తీశాడు.

"కుంటడం లేదే!" అన్నాడు. "ఎద్దు మంచిదే అన్నమాట."

"బాబాయ్, హాస్యానికి రానన్నావట."

ఆయన ఇంకో గుత్తికి సంచి తొడిగాడు. మూతి బిగించి కట్టాడు. "వయసైపోయింది. మాట తడబడుతోంది."

"నీ మాటా? నువ్వు చచ్చినా నీ నోరు ఒక వారం బతికే ఉంటుంది అంటారు గురువుగారు."

ఆయన నవ్వలేదు. ఉన్సోల్‌కి భయమేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ముఖం ఒక మాటకి నవ్వకపోవడం చూడటం ఇదే మొదటిసారి.

"నువ్వు చచ్చిపోతుంటే 'మెట్లు ఎవరెత్తుకుపోయారే' అన్నా నేను," అన్నాడు, సంచికేసి చూస్తూ. "నువ్వు కింద గిలగిల్లాడుతుంటే నేను జనం వైపు తిరిగి కళ్ళెగరేశా. నవ్వండి, నవ్వండి అని. ఆ నోటితో మళ్ళీ నీ కింద నిలబడనా? నావల్ల కాదు. ఎవణ్ణైనా పెట్టుకో."

"నేను చచ్చిపోలేదు. మోకాలు పోయింది. అదీ తిరిగొచ్చింది."

"రేపు మళ్ళీ పడితే?"

ఆ మాట అనగానే ఆయనే నాలిక కరుచుకున్నాడు. కానీ అది అప్పటికే వాళ్ళిద్దరి మధ్యా వచ్చి నిలబడింది. పందిరి మీద ఏదో పిట్ట కూసి ఎగిరిపోయింది.

"నాకు నొప్పి లేదు బాబాయ్," అంది ఉన్సోల్ చివరికి. ఎవరి దగ్గరా అనని మాట అది. "వసంతం నుంచీ లేదు. భయం. నొప్పి అంటే జాలిపడతారు, భయం అంటే... మోకు మీద నడిచేదానికి భయమేంటంటారు. పైకెక్కి కిందకి చూస్తే ఆ నవ్వే వినిపిస్తోంది. అక్కడ ఎవరూ లేకపోయినా."

ముసలాయన చేతిలో కాగితం సంచి నలిగిపోయింది.

"నువ్వు కింద లేకపోతే నేను ఎక్కను," అంది ఆమె. "నీ చోట్లో ఇంకెవడో నిలబడి రెండు కంఠతా పట్టిన జోకులు అప్పజెబితే, నేను రెండో అడుగు కూడా వెయ్యలేను. నువ్వు రానంటే ఇప్పుడే గురువుగారికి చెప్పేస్తా. డానోకి అనే కాదు, ఇంకెప్పటికీ ఎక్కనని."

"బెదిరిస్తున్నావా?"

"అవును."

"దొంగపిల్లా," అన్నాడు చున్‌బోక్. తర్వాత నలిగిన సంచిని అరచేత్తో చదును చేస్తూ, "గిరికీ చెయ్యనని మాటివ్వు," అన్నాడు.

"ఇచ్చా. నడక, కూర్చుని లేవడం. అంతే. గిరికీ జోలికే పోను."

డానో ముందురోజు వాన పడింది. పండగ పొద్దుటికి ఎండ కాసింది గాని, నది ఒడ్డు మైదానం ఇంకా పాదం పెడితే మెత్తగా అణుగుతోంది. మాల్సూన్ కత్తెర గుంజల చుట్టూ తిరిగి, మడమతో మట్టి తన్ని చూసింది. పడమటి గుంజ కింద రాళ్ళు కొట్టించింది. సరిపోలేదని ఇంకో తట్ట కొట్టించింది.

ఒక పక్క ఉయ్యాలలూగే ఆడవాళ్ళు, ఒక పక్క కుస్తీ పోటీలు, మాచిపత్రి లాంటి ఆకు నూరి చేసిన ఆకుపచ్చ పిండివంటల బుట్టలు, బియ్యపు కల్లు కుండలు. జనం మోకు చుట్టూ ముసిరారు. ముందు వరసలో డోరిమ్ కనిపించింది, గొడుగు మడిచి ఒళ్ళో పెట్టుకుని. ఆసుపత్రి తెల్లకోటు లేకపోయేసరికి ఉన్సోల్ ముందు గుర్తుపట్టలేదు.

నూలు మేజోళ్ళు తొడుక్కుంటుంటే వేళ్ళు చల్లగా ఉన్నాయి. మోకాలు ముడిచింది, చాపింది. దానికేం లేదు. డోళ్ళు మొదలయ్యాయి, సన్నాయి లేచింది. ఏటవాలు మోకు మీద నుంచి ఆమె గుంజల మీదకి ఎక్కింది.

కింద చున్‌బోక్ బాబాయ్ తెల్ల రంగు పూసుకుని, చిరుగుల టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. నిలబడ్డాడే గాని, నోరు పెగల్లేదు. ఎత్తుకోవలసిన మొదటి మాట ఆయనది. 'పైన ఎవరే అది, పిచికా, పిశాచమా?' అనాలి. ఆయన పెదాలు తడుపుకున్నాడు. డోలు ఒక ఆవర్తం తిరిగొచ్చింది. ఇంకో ఆవర్తం తిరిగింది. జనం గుసగుసలాడటం మొదలుపెట్టారు. ఆ గుసగుస పైకి పాకింది. ఉన్సోల్‌కి మోకు సన్నబడుతున్నట్టు, దూరం జరుగుతున్నట్టు అనిపించింది. మెడ వెనక చెమట పట్టింది. దిగిపోవచ్చు. నొప్పి అనచ్చు. ముందు వరసలో డోరిమ్‌కీ, కింద బాబాయ్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

"బాబాయ్!" అని అరిచింది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "కింద ఉన్నావా, పోయావా?"

"ఉన్నా," అన్నాడు ఆయన.

"ఉంటే నోరు విప్పు. పెళ్ళిచూపులకొచ్చిన పెళ్ళికొడుకులా ఆ తల వంచుకోవడమేంటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఉన్సోల్ ఒళ్ళు జలదరించింది. నవ్వు అక్కడే, అంతే ఎత్తున, అదే దిక్కు నుంచి. ఆమె కుడి పాదం మోకు మీద పెట్టింది.

"ఏం మాట్లాడమంటావు?"

"పైన గాలి ఎలా ఉందో అడుగు."

"పైన గాలి ఎలా ఉంది?" చిలకలా అన్నాడు.

"నువ్వు నోరు విప్పనంతసేపూ బాగానే ఉంది. పొద్దున ఎన్ని వెల్లుల్లి తిన్నావు?"

ఈసారి నవ్వు పెద్దదైంది. చున్‌బోక్ తలెత్తాడు. ఆమె ఎడమ పాదం కూడా మోకు మీదకి రావడం చూశాడు. ఆయనలో ఏదో పాత అలవాటు మేలుకుంది.

"గంపెడు తిన్నా," అన్నాడు. "వెనకటికి ఎలుగుబంటి వెల్లుల్లి తిని ఆడపిల్ల అయిందట కదా. నేను కనీసం మనిషినవుతానేమో చూద్దామని."

"అయ్యావా మరి?"

"ఇంకా బొచ్చు రాలుతోంది."

మైదానం ఘొల్లుమంది. ఉన్సోల్ ఆ నవ్వులోకే అడుగు వేసింది, చన్నీళ్ళలోకి దిగినట్టు. ఇంకో అడుగు. మోకు ఊగింది, ఊపు మోకాల్లోకి వచ్చింది, మోకాలు దాన్ని పట్టుకుని మెల్లగా కిందకి పంపేసింది. విసనకర్ర విప్పింది. తూర్పు గుంజ నుంచి పడమటి గుంజ దాకా నడిచింది. వెనక్కి తిరిగి నడిచింది. మధ్యలో కూర్చుని ఎగిరి లేచింది. లేస్తున్నప్పుడల్లా కింద బాబాయ్ మాట ఒక రవ్వ ఆలస్యంగా వస్తోంది. ఆమె రెండు పాదాలూ ఆనాయని చూసుకున్నాకే ఆయన నోరు విప్పుతున్నాడు.

"గిరికీ!" అని వెనక నుంచి ఎవడో కల్లు గొంతుతో అరిచాడు. "గిరికీ లేదా?"

"ఒరేయ్, నువ్వు కల్లు ముంత మీద కొట్టు గిరికీ," అన్నాడు చున్‌బోక్ ఠక్కున. "ముంత పగలకపోతే అమ్మాయి కొడుతుంది."

ఆ నవ్వు ఇంకా అణగలేదు, పడమటి గుంజ కదిలింది.

పెద్దగా ఏం కాదు. రాళ్ళ కింద తడి మట్టి కుంగి, గుంజ కాస్త దిగబడింది. కానీ ఆ కాస్తకే మోకు కింద నుంచి ఎవరో లాగేసినట్టు జారిపోయింది. అప్పుడు ఉన్సోల్ బరువంతా ఎడమకాలి మీదే ఉంది. పాదం పక్కకి తప్పింది. మోకాలు మెలితిరగబోయింది. ఆ ఒక్క క్షణంలో పచ్చి కొమ్మ శబ్దం కోసం ఆమె ఒళ్ళంతా చెవులై ఎదురుచూసింది. ఆలోచన రాకముందే తొడ కండ బిగుసుకుంది, తుంటి మోకాల్ని పక్కకి వాలనివ్వకుండా పట్టుకుంది. ఆమె తిన్నగా కిందకి కూలి, రెండు కాళ్ళ మధ్యా మోకుని ఇరికించుకుని కూర్చుండిపోయింది. మోకు ఆమెని ఎగరేసి, కుదిపి, మెల్లగా ఆగింది.

జనం నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. ఆటే అనుకున్నారు.

చున్‌బోక్ నవ్వలేదు. టోపీ పడిపోయినా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చి, సరిగ్గా ఆమె కింద రెండు చేతులూ పైకి చాపి నిలబడ్డాడు. డోలు ఆగిపోయింది. మాల్సూన్, ఇంకో ఇద్దరు వాయిద్యగాళ్ళు పడమటి గుంజ మీద తమ బరువంతా వేసి వేలాడారు. డోరిమ్ లేచి నిలబడింది. గొడుగు ఒళ్ళోంచి జారింది.

పైన ఉన్సోల్ కళ్ళు మూసుకుని మోకాల్ని అడిగింది. ముడిచింది. చాపింది. బొటనవేలు కదిపింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది గాని, మోకాలు మాత్రం నిమ్మళంగా ఉంది. ఏమీ తెగలేదు.

"దిగు తల్లీ," అన్నాడు చున్‌బోక్, ఆమెకి మాత్రమే వినబడేట్టు. "కూర్చునే పాక్కుంటూ ఆ చివరికి పో. దూకకు. జనం సంగతి నేను చూసుకుంటా."

దూకడం ఎలాగూ కుదరదు. అంత ఎత్తు నుంచి కొత్త లిగమెంటు మీదకి దూకితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. పాక్కుంటూ పోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. కానీ అలా పోతే, ఇంటికెళ్ళాక మోకాల్లో మళ్ళీ నొప్పి పుడుతుంది, రోజుకో చోట. అదీ తెలుసు.

"గురువుగారూ, గుంజ ఆగుతుందా?" అని అరిచింది.

"మేం పట్టుకున్నాం," అంది మాల్సూన్ పళ్ళు బిగించి. "తూర్పుకి రా. మెల్లగా. నీ ఇష్టం, ఎలా వస్తావో."

ఉన్సోల్ చున్‌బోక్ వైపు చూసింది. ఆయన చేతులు ఇంకా చాపే ఉన్నాయి.

"అమ్మలారా, అయ్యలారా," అంది జనంతో, గొంతు పైకెత్తి. "చూశారా మా బాబాయ్‌ని! మొన్న బియ్యం బస్తా ఎత్తబోయి నడుం పట్టేసింది. ఈయన నన్ను పట్టుకుంటాడట! నేను పడితే ముందు ఎవర్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి?"

చున్‌బోక్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మెడ తిప్పి జనం వైపు చూశాడు. "నన్నే," అన్నాడు బొంగురుగా. "దీని మోకాలు కొత్తది. నావి రెండూ పాతవే."

"అయితే పక్కకి తప్పుకో. నేను లేస్తున్నా."

"తప్పుకోను."

"బాబాయ్."

ఆయన ఒక అడుగు పక్కకి వేశాడు. ఒకటే. చేతులు మాత్రం దించలేదు.

"డోలు," అంది ఉన్సోల్.

డోలు దగ్గర మిగిలిన ఒక్క మనిషి నెమ్మదిగా దరువు ఎత్తుకున్నాడు. ఆమె కూర్చున్నచోటే మోకుని ఒకసారి ఊపింది. రెండోసారి ఇంకొంచెం. మోకు కిందకి లాగి, పైకి విసిరింది. గాలిలో కాళ్ళు దగ్గరకి తెచ్చుకుంది. ఎడమ పాదం ముందు ఆనింది, వెనకే కుడిది. మోకాళ్ళు రెండూ ఒకేసారి వంగి, ఊపుని మింగి, మెల్లగా లేచాయి. ఆమె నిలబడింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కల్లు గొంతువాడు కూడా నోరు మూసుకున్నాడు. తూర్పు గుంజ దాకా వేసిన ఒక్కో అడుగూ ఆ నిశ్శబ్దంలో వేసింది. చివర చెయ్యి గుంజకి తగిలాక గాని, తను ఊపిరి తీసుకోవడం లేదని ఆమెకి తెలియలేదు.

మేళం వ్యాను వెనక, తిరగేసిన పెట్టె మీద ఆమెని కూర్చోబెట్టి, డోరిమ్ మోకాలు పట్టి చూసింది. పిక్కని ముందుకి లాగింది, పక్కలకి నొక్కింది. ముఖంలో ఏమీ కనిపించలేదు. మాల్సూన్ పక్కనే నిలబడి తిట్లు లంకించుకుంది.

"పాక్కుంటూ రావచ్చుగా! ఎవరు లేవమన్నారు? ఎవరికి చూపించడానికి? గుంజ ఇంకాస్త దిగితే ఏం చేద్దువు?" అని, అంతలోనే వాయిద్యగాళ్ళ మీదకి తిరిగి, "ఆ మట్టి చూసి కూడా గుంజలు పాతించా. నాదీ బుద్ధి తక్కువే. తడినేల మీద ఇంకెప్పుడూ కట్టకండి, నేను చెప్పినా సరే," అంది.

"లిగమెంటు గట్టిగా ఉంది," అంది డోరిమ్. "కొంచెం వాపు రావచ్చు. ఐసు కావాలి. ఈ వారం మోకు ఎక్కద్దు. ఆ తర్వాత ఒకసారి నా దగ్గరకి రండి."

"మీ పని అయిపోయిందన్నారుగా?"

"అయిపోయిందనే అనుకున్నా," అంది డోరిమ్. "గాలిలోకి ఎగిరి మోకు మీద దిగుతారని మీరెప్పుడైనా చెప్పారా? ఏదో నడుస్తారనుకున్నా. ఇదంతా చూశాక నా పుస్తకంలో లేని కసరత్తులు ఇంకొన్ని కనిపెట్టాలి."

ఉన్సోల్‌కి నవ్వొచ్చింది. "మేడమ్, అప్పుడు నొప్పి అన్నాను కదా..."

"తెలుసు. మీరు పైనున్నప్పుడే చూశాను, అది భయమని." డోరిమ్ ఆమె పాదాన్ని మెల్లగా నేల మీద దించింది. "చాలామందికి ఉంటుంది. కాలు ముందు బాగుపడుతుంది, మనిషి వెనకాల నడిచొస్తుంది. అడగాల్సింది నేను. గెంతులు కొలిచి ఊరుకున్నా."

చున్‌బోక్ బాబాయ్ కల్లు అంగడి నుంచి ఐసు ముక్కలు టోపీలో వేసుకుని పరుగు నడకన వచ్చాడు. ముఖాన రంగు సగం చెరిగిపోయి, ఒక చెంప తెల్లగా, ఒక చెంప ఎర్రగా ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా కింద మట్టిలోనే చతికిలబడి, ఆ తడి టోపీని ఆమె మోకాలికి ఆనించి, రెండు చేతులతో పట్టుకున్నాడు.

"చల్లగా ఉందా?" అన్నాడు కాసేపటికి.

"కల్లు వాసనొస్తోంది."

"ఊరికే ఇవ్వనన్నాడు. ఒక ముంత తాగితే ఇస్తానన్నాడు. నీ కోసం తాగా."

"ఒకటేనా?"

"ఐసు ఎక్కువ కావాల్సొచ్చింది," అన్నాడు ఆయన.

మాల్సూన్ కూడా తిట్లు ఆపి నవ్వింది. మైదానంలో ఉయ్యాల పోటీలకి పిలుపు వినిపించింది. జనం అటు కదిలారు. ఎవరో ఆడమనిషి పోతూ పోతూ ఆకుపచ్చ పిండివంటలున్న ఆకు దొన్నె ఒకటి పెట్టె మీద పెట్టి, "బాగా లేచావమ్మా," అని చెప్పి వెళ్ళిపోయింది. ఉన్సోల్ ఒకటి తుంచి బాబాయ్ నోట్లో పెట్టింది, ఆయన చేతులు ఖాళీ లేవు కాబట్టి.